కాలెండరు వెనక పడవ

రాజ్యమత్త దినాలు అయిపోయిన మర్నాడు అందరం ఇల్లు సర్దుతున్నాం. నడిమి గదిలో మేకుకు వేలాడే పాత కాలెండర్ల దొంతరను మామయ్య అన్నకొడుకు శంకరం గోనెసంచిలో కుక్కుతూ కనిపించాడు. ఏం చేస్తావయ్యా వాటిని అంటే, "దేవుండ్ల బొమ్మలు గద వదినా, చెత్తల వెయ్యొద్దు. పొద్దుమూకి గోదాట్ల కలిపొస్త" అన్నాడు. అవి నాకివ్వు అన్నాను. కథలు రాసేదానికి కాస్త తిక్క ఉంటుందని ఆ ఇంట్లో అందరికీ ఎప్పుడో ఖాయమైపోయింది కాబట్టి, "ఎలుకలు కొట్టినయ్, ఏం జేసుకుంటరు?" అని గొణుగుతూనే సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. ఖమ్మం వచ్చే బస్సులో దాన్ని పైన పెట్టనివ్వకుండా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. ఆ సంచిలో ఒక పడవ ఉంది. దాన్ని చూసే ధైర్యం లేక, ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లినా మేకు వైపు వీపు పెట్టే కూర్చున్నాను. నలభై ఏళ్ల పైమాటే.

రాజ్యమత్త మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. మాది బోనకల్ దగ్గర పల్లె. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్నవాళ్లం. అత్తను భద్రాచలానికి ఎగువన, గోదారి ఒడ్డునే ఉన్న ఊళ్లో ఇచ్చారు. నేను తొమ్మిదో తరగతికి వచ్చే సరికి మామయ్య ఇంట్లో లేడు. తన అన్నతో పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, పాల్వంచ పోయి కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనికి కుదిరాడు. వారంలో వస్తానన్నవాడు రెండేళ్లయినా రాలేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. ఇంట్లో అత్త, ఆమె అత్తగారు మాత్రమే ఉండేవారు. పిల్లలు లేరు. "ఆడదానికి తోడుగా ఉంటది, చదువూ అవుతది" అని నాన్న నన్ను అక్కడి హైస్కూల్లో వేశాడు. పొలాల మధ్య బోరు నీళ్లు తాగి పెరిగినదాన్ని. అంత పెద్ద నీటిని చూడటం అదే మొదలు. మొదటి వారమంతా గోదారి చప్పుడుకు నిద్ర పట్టలేదు. పడవ ఎక్కమంటే ఏడ్చేదాన్ని.

అత్త అత్తగారిని అందరూ అవ్వ అనేవారు, నేనూ అవ్వ అనే అన్నాను. చూపు సగం పోయింది, చెవులు మాత్రం పాముచెవులు. పొద్దున్నే పొగాకు కాడ నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే, రేవుకు పోయేవాళ్ల అడుగులను బట్టి ఎవరు ఏ పని మీద పోతున్నారో చెప్పేది. ఎండాకాలం వస్తే పక్క కల్లంలో తునికాకు కట్టలు ఆరేసేవారు. ఆ ఎండిన ఆకు వాసన, పెరట్లో చాప మీద ఇప్పపువ్వు మత్తు వాసన, అవ్వ పొగాకు ఘాటు కలిసి ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా బీడీలు చుట్టే ఇంటి ముందు నుంచి పోతే నేను తొమ్మిదో తరగతిలోకి పోతాను. అవ్వకు ఒక పట్టింపు. దేవుడి బొమ్మ ఉన్న కాలెండరును ఏడాది అయిపోయినా తీయనిచ్చేది కాదు. పాతదాని మీదే కొత్తది తగిలించాలి. "నిన్నటిదాక మొక్కి ఇయ్యాల పొయ్యిల పెడ్తారె?" అనేది. అట్లా రామయ్య మీద లక్ష్మి, లక్ష్మి మీద వెంకన్న ఎక్కి, ఆ మేకు ఎప్పుడు ఊడుతుందా అన్నట్టు ఉండేది.

అత్త బొమ్మలు వేసేది ఆ కాలెండర్ల వెనక. ముందు నిగనిగలాడే దేవుడు, వెనక తెల్లటి దళసరి కాగితం. అంత మంచి కాగితం ఆ ఊళ్లో డబ్బు పెట్టినా దొరకదు. మధ్యాహ్నం అంట్లు తోమి, అవ్వ కునుకు తీశాక, ఒక కాలెండరు దించి నేల మీద బోర్లా పరిచేది. బట్టలకు పెట్టే నీలిమందు, పసుపు, గోడ అంచులకు వేసే ఎర్ర జాజు, దీపపు మసి, తెలుపుకు సున్నం ఆమె రంగులు. చింతగింజలు ఉడకబెట్టి తీసిన జిగురులో వాటిని కలిపేది. ఈతపుల్ల చివర దంచితే కుంచె అయ్యేది. వేసింది ఆరాక మళ్లీ మేకుకే తగిలించేది, దేవుడు మన వైపు, బొమ్మ గోడ వైపు. ఎవరికీ చూపించేది కాదు, దాచినట్టూ ఉండేది కాదు. తునికాకు కోసే కోయ ఆడవాళ్లు, ఇసుకలో పుచ్చతీగలు, వరదకు కొట్టుకొచ్చిన దుంగలు, అన్నీ కంటితో చూసినవే. మనుషులకు మాత్రం ముఖాలుండవు. ముసుగేసుకున్న ఆకారాలు, అంతే. ఆ ముఖాలు లేకపోవడం మీద నేను తర్వాత సభల్లో గొప్ప గొప్ప మాటలు చెప్పాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. అత్తను అడిగితే చెప్పింది ఒకటే: "ముక్కు కుదరదే నాకు. ఎట్ల గీసినా కందగడ్డలెక్క వస్తది."

స్కూల్లో తెలుగు సారు ఉండేవారు. గొంతు పెద్దది, మనసు మెత్తనిది. వ్యాసాలు బట్టీ పట్టి రాసే మా మీద విసుగొచ్చి ఒకరోజు, "రేపు ఎవరింట్లో ఏ బొమ్మ ఉంటే ఆ బొమ్మను చూసి కథ రాసుకొని రాండి" అన్నారు. ముందు బొమ్మలో ఉన్నది రాయాలి, తర్వాత ఆ బొమ్మకు ముందు ఏం జరిగిందో రాయాలి, ఆ తర్వాత ఏం జరగబోతుందో రాయాలి. ఇదీ ఆయన పద్ధతి. ఇన్నేళ్లుగా నేను కథకు కూర్చున్నప్పుడల్లా అదే పద్ధతి. ఏదో ఒక బొమ్మ ఎదురుగా లేకపోతే నాకు మొదటి వాక్యం కూడా రాదు. మర్నాడు సారు నోట్సులు తిరగేసి తల పట్టుకున్నారు. ఊరికంతటికీ ఎరువులు అమ్మేది ఒకటే దుకాణం, అది పంచిన కాలెండరు ఒకటే, దాని మీద రాములవారి పట్టాభిషేకం. క్లాసులో ముప్పై మందిమి ఉంటే దాదాపు అందరూ అదే రాశారు. "ఒక్కనాడు ఇంతమంది పట్టాభిషేకం చేస్తే రాముడు తట్టుకుంటడార?" అని అరిచి, మళ్లీ రాసుకొని రమ్మన్నారు.

నేనూ పట్టాభిషేకమే రాశాను లెండి, అందులో గొప్పేం లేదు. రెండోసారి రాయాల్సి వచ్చినప్పుడు అత్త బొమ్మలు గుర్తొచ్చాయి. అత్త రేవుకు వెళ్లిన సమయం చూసి కాలెండర్లు తిప్పాను. అన్నిటికన్నా పైన, ఆ యేటి రాములవారి వెనకే, పడవ ఉంది. రంగు ఇంకా కొత్తగా మెరుస్తోంది. నీలిమందు గోదారి, ఒడ్డున ఒక ఇల్లు, ఆ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఒడ్డుకు బారెడు దూరంలో పడవ. పడవ నడుమ దుప్పటి ముసుగేసుకుని ఒక మనిషి, పక్కన ట్రంకుపెట్టె. ఒక చివర పడవవాడు వెదురు గెడ నీళ్లలో దించి నిలబడ్డాడు. చూడగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇది మామయ్య కాక ఇంకెవరు? ఆయన తిరిగొస్తున్నాడు, అత్త తలుపు తెరిచి పెట్టుకుని కూర్చుంది, లోపల ఉంది కాబట్టి బొమ్మలో కనబడటం లేదు. ట్రంకులో ఆమెకు పట్టుచీర కూడా పెట్టేశాను. కథకు "ఎదురుచూపు" అని పేరు పెట్టి ఎనిమిది పేజీలు రాశాను. సారు చదివి నోట్సు మూశారు. తర్వాత అడిగారు, "మీ అత్తకు చూపించినవా? ఆ బొమ్మ ఏందో ఆమెను అడిగి రాసినవా?"

"అడిగిన సార్" అన్నాను. అడగలేదు. అడిగితే కాదంటుందేమోనని భయం. నాకు కథ దొరికింది, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

స్కూలు వార్షికోత్సవంలో ఆ కథ నాతోనే చదివించారు. ఊరు ఊరంతా వచ్చింది. కూతురు స్టేజీ ఎక్కుతుందని నాన్న బోనకల్ నుంచి రైలు, బస్సు మారి వచ్చాడు. పేర్లు మార్చాను గానీ పల్లెటూళ్లో ఆ మార్పు ఎవరికి ఆనుతుంది? సగంలోనే ఆడవాళ్లు అత్త వైపు తిరిగి చూడటం మొదలుపెట్టారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను, నిజం చెప్పొద్దూ, సంతోషపడ్డాను. నాన్నయితే కండువాలో ముఖం దాచుకున్నాడు. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ అత్త, "బాగా రాసినవే" అంది. పప్పు గిన్నె దగ్గరికి జరుపుకుని, "ఆ పడవ వస్తున్నదని ఎట్ల అనుకున్నవే?" అని అడిగింది. "ఎవరికైనా తెలుస్తది గద అత్తా" అన్నాను, నోట్లో ముద్ద పెట్టుకుంటూ. ఆమె నా కంచంలో ఇంకాస్త పప్పు వేసింది. నాన్న సరిగ్గా తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తెల్లారే నాన్న పాల్వంచ వెళ్లాడు. కాలనీలో మామయ్య కిరాయి గది వెతికి పట్టుకుని, ఏం చెప్పాడో, కాళ్లే పట్టుకున్నాడో, నాలుగో రోజు మధ్యాహ్నం బస్సులో వెంటబెట్టుకొచ్చాడు. మామయ్య గుమ్మం ముందు తల దించుకుని నిలబడ్డాడు. చేతిలో రేకు ట్రంకు ఉంది. అది చూసి నా కథ నడిచి వచ్చిందనుకున్నాను. అవ్వ అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి, "నా కొడుకొచ్చిండు, నా కొడుకొచ్చిండే" అని అరుగు మీంచి లేచి తడుముకుంటూ వెళ్లి మెడ పట్టుకుంది. వాకిలి నిండా జనం. నాన్న అత్తను చూసి, "నువ్వు నోరు తెరిచి అడగలేదు గానీ అమ్మాయి రాయబట్టి తెలిసిందమ్మా, లేకపోతే ఈ అన్నకు బుద్ధి ఎక్కడిది" అని బావురుమన్నాడు. అత్త ఒక్క క్షణం మా ఇద్దరి వంకా చూసింది. తర్వాత లోపలికి వెళ్లి కాళ్లకు చెంబుతో నీళ్లు తెచ్చింది.

పది రోజుల తర్వాత అత్త నా చేతికి అంటించిన కవరు ఒకటి ఇచ్చి, అవతలి ఒడ్డున కొత్తగా పెట్టిన గిరిజన ఆడపిల్లల హాస్టల్లో వార్డెనమ్మకు ఇచ్చి రమ్మంది. అప్పటికి పడవ భయం కొంత పోయింది. పడవ నడిపేది ఎంకన్న. నలభై ఏళ్లవాడు, నల్లగా, గెడలాగే సన్నగా ఉండేవాడు. ఆ పూట పడవలో నేనొక్కదాన్నే. ఒడ్డు నుంచి నూకి, నడినీటికి వచ్చాక అతనే మాట కదిపాడు.

"నీ కథ నేనూ విన్న బిడ్డా, స్కూలు గోడ కాడ నిలబడి. మస్తు జెప్పినవ్ గని, ఆ పడవ వచ్చేది కాదు."

"మరేంది?"

"పోయేది. నన్ను రెండు పూటలు రేవుల నిలబెట్టి గీసింది గద మీ అత్త. వచ్చినా పోయినా నేను ఎనక కొసకే నిలబడి గెడతోని నూకుత. ఒడ్డుకు వచ్చేటప్పుడు నా ఎనక నది ఉంటది, పోయేటప్పుడు ఒడ్డు ఉంటది. గిప్పుడు నేనేడ నిలబడ్డ? సూడు."

చూశాను. అతను మేం వదిలి వచ్చిన ఒడ్డు వైపు చివర ఉన్నాడు. బొమ్మలో కూడా అతను ఇంటి వైపు చివరే ఉన్నాడు. పొలాల్లో పుట్టిన నాకు పడవకు ముందూ వెనకా ఉంటాయని తెలియదు. "మరి ముసుగు మనిషి?" అని అడిగాను, జవాబు తెలిసిపోయినా.

"ఇంకెవరు? మీ అత్తనే. ఈ హాస్టల్ల పిల్లలకు బొమ్మలు, కుట్లు నేర్పే కొలువొచ్చింది ఆమెకు. ఆడనే ఉండుడు, ఆడనే తినుడు. పెట్టె సదురుకున్న, శుక్రారం పొద్దుగాల జల్దీ రా ఎంకన్నా అన్నది. పొయ్యి రేవుల నిలబడ్డ. రాలే. ఏంది అంటే మొగుడొచ్చిండన్నరు." అతను గెడ ఎత్తి నీళ్లు విదిలించి మళ్లీ దించాడు. "అయినా మంచిదే గద బిడ్డా, సంసారం నిలబడ్డది."

నా చేతిలో ఉన్న కవరు ఏమిటో అప్పుడు అర్థమైంది. గోదాట్లో పడేద్దామనుకున్నాను. పడేస్తే ఏమవుతుంది, కొలువు ఆమె కోసం ఆగుతుందా? పద్నాలుగేళ్ల బుర్రకు ఏదీ తోచలేదు. ఏడుస్తూనే తీసుకెళ్లి వార్డెనమ్మ చేతికి ఇచ్చాను. ఆవిడ చదివి, "అయ్యో" అని మడిచి సొరుగులో పెట్టింది. కిటికీలోంచి ఒక గది కనిపించింది. కొత్తగా సున్నం వేసిన గోడలు, వాటి మీద ఒక్క బొమ్మా లేదు. ఆ తెల్లగోడలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

సాయంత్రం పెరట్లో ఇప్పపువ్వు చాప ఎత్తుతున్న అత్త దగ్గరికి పోయి, "ఇప్పుడు పోరాదా అత్తా?" అన్నాను. ఎవరు చెప్పారని ఆమె అడగలేదు. "మొగుడు ఇంట్ల లేనప్పుడు పోతే, పాపం బతకపోయింది అంటరే. ఉన్నప్పుడు పోతే లేచిపోయింది అంటరు. మీ నాన్న మళ్ల తలెత్తుకోగలడా?" అంది. కోపంగా అనలేదు, చాప దులుపుతూ అంది. కథ చింపేస్తానన్నాను. "వద్దు. కథ బాగున్నది. దాని తప్పేమున్నది" అని చాప చుట్టి చంకలో పెట్టుకుంది. అప్పటి నుంచి ఆ మేకు వైపు చూడలేకపోయాను. పదో తరగతి పరీక్షలు రాసి వెళ్లిపోయేదాకా మధ్యాహ్నాలు అరుగు మీద అవ్వ దగ్గరే గడిపాను. అత్త అప్పుడప్పుడు, "బొమ్మలు చూస్తవానే?" అని పిలిచేది. చదువుకోవాలి అనేదాన్ని. పెళ్లయ్యాక వెళ్లినప్పుడు కూడా పిలిచింది. బస్సు టైమైందన్నాను.

మామయ్య చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పకపోతే పాపం. పొగరు దిగి, ముప్పై ఏళ్లు కుదురుగా సంసారం చేశాడు. అత్త నవ్వుతూనే ఉండేది. అందుకే నాకు ఎప్పుడూ ఊరట కలగలేదు, ఆమె కాస్త తిట్టినా బాగుండేది. నేను కథలు రాసే దాన్నయ్యాను. పిల్లలకు కథలు రాయడం నేర్పమని స్కూళ్లు పిలుస్తాయి. ఇప్పుడు వాళ్ల ఫోన్లలో లోకంలో ఉన్న బొమ్మలన్నీ ఉన్నాయి. ఒక్కోడు ఒక్కో బొమ్మ తెచ్చుకుంటాడు, ఇంతమందికి ఒకటే పట్టాభిషేకం అనే బాధ లేదు. గీసినవాళ్లు ఎక్కడో, ఏ దేశంలోనో ఉంటారు. అప్పుడు నాకు ఉన్నది ఒకే మేకు, గీసిన మనిషి నాలుగడుగుల దూరంలో పొయ్యి ఊదుతోంది. అయినా అడగలేదు. సారు చెప్పిన మూడు మెట్లకు ముందు నేను ఇంకో మెట్టు చేర్చి చెబుతాను, గీసినవాళ్లు అందేంత దూరంలో ఉంటే ముందు వెళ్లి అడగండి అని. ఎందుకని ఏ పిల్లవాడైనా అడిగితే మాత్రం మాట మార్చేస్తాను.

ఖమ్మం వచ్చాక కూడా రెండు రోజులు సంచి ముట్టుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం, అంట్లు అయ్యాక, అత్త పరిచినట్టే నేల మీద పరిచాను. ఎలుకలు చాలావరకు కొట్టేశాయి, శంకరం అన్నది నిజమే. ఆ తర్వాతి ఏళ్ల కాలెండర్ల వెనక కూడా బొమ్మలున్నాయి, వేయడం మానలేదు, అది చూసి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అడుగున, అంచులు కొరికిన పట్టాభిషేకం దొరికింది. తిప్పాను. నీలిమందు వెలిసి బూడిద రంగుకు వచ్చింది. ఇల్లు ఉంది, తెరిచిన తలుపు ఉంది, ముసుగు మనిషి, ట్రంకు ఉన్నాయి. ఎంకన్న మాత్రం నేను చూసిన చోట లేడు. అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఇంటి వైపు చివర అతను నిలబడిన చోట సున్నం మందంగా పూసి, పైన నీళ్ల రంగు వేసి ఉంది. సున్నం పెచ్చులూడిన చోట పాత మనిషి భుజం, గెడ ముక్క మసిగీతల్లో కనిపిస్తున్నాయి. రెండో చివర, నది వైపు, కొత్తగా ఒక పడవవాడిని గీసింది. అతను ముందుకు వంగి గెడతో నూకుతున్నాడు, ముఖం లేకపోయినా అతని ఒళ్లంతా ఇంటి వైపే తిరిగి ఉంది. పడవ కొసను కూడా ఇంటి వైపు తిప్పాలని సున్నంతో దిద్దింది, అది సరిగ్గా కుదరలేదు. చివరికి పడవ రెండు కొసలదీ అయి, ఎటు పోతుందో తెలియని పడవ అయింది. దాని కింద, నీళ్లలో, ఈతపుల్లతో చిన్నగా రెండు మాటలు రాసి ఉన్నాయి: "వస్తున్నదే, చూడు."

నా కథ తప్పు కాకుండా ఉండాలని ఆమె తన ప్రయాణాన్ని సున్నంతో పూడ్చేసింది. అది చూపించడానికే బొమ్మలు చూస్తవానే అని అన్నేళ్లు పిలిచింది, నేను బస్సు టైమైందన్నాను. ఆ కథకు నేను పెట్టిన పేరు ఆమెకు సరిగ్గానే సరిపోయింది, ఆమె ఎదురుచూసింది మామయ్య కోసం కాదు, అంతే. ఏడ్చి ఏడ్చి, సాయంత్రం గోడకు ఒక మేకు కొట్టాను. కాలెండరు తగిలించాను, దేవుడు గోడ వైపు, పడవ నా వైపు.